మోరీ మీది చద్దర్

నిర్మల్‌లో మా ఇంటి గేటు ముందు మోరీ మీద ఒక ఇనుప చద్దర్ పరిచి ఉంటుంది. 6 ఎంఎం మందం. ఒక వైపు పడవ మూతిలాగా పైకి లేచి ఉండేది, సుత్తితో కొట్టి సాపు చేశారు. నడుమ మూడు పొడుగాటి సూరాఖ్‌లు. వాన నీళ్లు వాటిలోంచే మోరీలోకి దిగుతాయి. మా పిల్లలు సెలవులకు వెళ్లినప్పుడు దాని మీద ధన్ ధన్‌మని దుంకుతుంటారు.

పోయిన రంజాన్ ఈద్‌కు మా పెద్దోడు మా అబ్బాను అడిగాడు: "దాదా, మోరీకి ఇంత మందం ఇనుము ఎందుకు?" వాడికి బండ్ల పిచ్చి. పాత మిలిటరీ ట్రక్కులకు ఇంట్లోనే గార్డులు కట్టుకుని గుట్టలెక్కించే వాళ్ల వీడియోలు ఫోన్‌లో చూస్తుంటాడు. అబ్బా నవ్వారు. "అది మోరీది కాదు బేటా. శక్తిమాన్‌ది."

వాడు టీవీ సీరియల్ అనుకుని నా వైపు చూశాడు. నేను షీర్ ఖుర్మా గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. ఆ మూడు సూరాఖ్‌ల సంగతి అప్పటికి ఇరవై ఏడేళ్లుగా నేనెవరికీ చెప్పలేదు.

శక్తిమాన్ అంటే ఫౌజు ట్రక్కు. జర్మనీ మ్యాన్ కంపెనీ నమూనాతో జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో 1959 నుంచి తయారైంది. నాలుగు చక్రాలూ లాగే బండి. 1965, 1971 జంగుల్లో మన ఫౌజు సామాను మోసిన వాటిలో ఇవీ ఉన్నాయి. పాతబడ్డాక ఫౌజు వేలం వేస్తే సేఠ్‌లు కొని బయట అమ్మేవాళ్లు. మా చిన్న మామూ 1998 మొదట్లో నాగ్‌పూర్ వైపు అలాంటి ఒక డిస్పోజల్ సేఠ్ దగ్గర ఒకటి కొన్నారు. ఏడో నంబర్ హైవే మీద, మహబూబ్ ఘాట్ దిగి, నల్లపొగ వదులుకుంటూ అది మా గల్లీలోకి వచ్చిన రోజు ఈద్ లాగే ఉండింది. అప్పుడు దూరదర్శన్‌లో శక్తిమాన్ సీరియల్ జోరు మీదుంది. గల్లీ పిల్లలు బండి చుట్టూ చేరి "ఎగురుతదా?" అని అడిగారు. డ్రైవర్ చాచా, "పెట్రోల్ బంకు దాకా పోతే అదే షుకర్" అన్నాడు.

ఫౌజు పచ్చరంగు బయటి బండ్లకు వేయకూడదని మోటారు రూల్స్‌లో ఉంది. అందుకని మామూ కత్థయీ రంగు వేయించారు. అయినా బంపర్ మీద రంగు పెచ్చు లేచిన చోట పాత మిలిటరీ నంబరు, దానికి ముందు పైకి చూసే బాణం గుర్తు కనబడేవి.

మామూకు బండి కావాల్సింది తునికాకు కోసం. ఏప్రిల్, మే నెలల్లో అడవి గూడేల్లో ఆకు తెంపుతారు. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లాల్లో ఎండబెట్టి, బస్తాలకెత్తి గోదాముకు చేర్చాలి. వాన చినుకు పడేలోపు చేర్చకపోతే నల్లబడి పోతుంది. ఉట్నూరు, ఖానాపూర్ వైపు లోపలి కల్లాలకు మామూలు లారీలు వెళ్లలేవు. వాగులు, బండలు, నరికిన టేకు మోళ్లు. ఎండిన గడ్డిలో మోడు కనబడదు.

బక్రీద్ అయిన వారానికే మొదటి దెబ్బ తగిలింది. కల్లం దారి చూసి వద్దామని వెళ్తే ఒక మోడు ఇంజన్ కింద ఆయిల్ ఛాంబర్‌ను చీల్చేసింది. డ్రైవర్ చాచా వాసన పట్టి వెంటనే ఇంజన్ ఆపాడు కాబట్టి బతికింది. ఇంకో రెండు ఫర్లాంగులు నడిపి ఉంటే ఇంజన్ పట్టేసేది. మామూ వచ్చి అబ్బాతో, "దూలాభాయ్, దీనికి కింద ఏదన్నా బక్తర్ తొడగండి" అన్నారు.

అబ్బాది భైంసా రోడ్డులో వెల్డింగ్ దుకాణం. గేట్లు, జాలీలు, ట్రాలీలు చేసేవారు. పదిహేడేళ్ల నేను ఇంటర్ పరీక్షలు రాసి, సెలవుల్లో అబ్బాకు షాగిర్ద్‌ను. ఉర్దూ మీడియం వాణ్ణి కాబట్టి అబ్బా కొలతలు చెబుతుంటే ఒక నోట్‌బుక్‌లో ఉర్దూలో రాసేవాణ్ని. ఒక్కో పని అయ్యాక పక్కన టిక్కు పెట్టాలి. అదీ అబ్బా కాయిదానే.

మొదట రెండు రోజులు అబ్బా ఇనుము ముట్టుకోలేదు. బండి ముందు ఎడమ చక్రాన్ని రైలు స్లీపర్ చెక్కల మీదికి, వెనక కుడి చక్రాన్ని ఒక బండ మీదికి ఎక్కించారు. తర్వాత కిందికి దూరి పడుకుని చూశారు. బండి నేల మీద నిలబడినప్పుడు ఒక తీరు, గుంతలో మెలి తిరిగినప్పుడు ఇంకో తీరు. ముందు ఇరుసు పైకి లేచి ఎక్కడిదాకా వస్తుంది, ఛాసిస్ ఎంత మెలిపడుతుంది అన్నది చాక్‌పీస్‌తో గుర్తులు పెట్టుకున్నారు. ఆ కొలత తీసుకోకుండా గార్డు కడితే మొదటి గుంతలోనే ఇరుసు వచ్చి గార్డును కొడుతుంది.

మామూ తొందరపడ్డారు. "ఛాసిస్‌కే వెల్డింగ్ కొట్టేయండి దూలాభాయ్, ఒక్క పూట పని."

"ఛాసిస్ కూ ఆగ్ నక్కో లగావ్," అన్నారు అబ్బా. ఛాసిస్ మెలిపడుతూనే బతుకుతుంది. దానికి అడ్డంగా వెల్డింగ్ పెడితే మంట తగిలిన అంచున బీట పుడుతుంది. బోల్టులతోనే బిగించాలి. అదీ నిలువు గోడకున్న పాత సూరాఖ్‌లలోనే. కింది అంచుకు కొత్తగా డ్రిల్లు పెట్టకూడదు, బరువంతా లాగేది ఆ అంచే.

తుక్కులోంచి నేను పాత కమాన్ పట్టీలు ఏరుకొచ్చాను, గట్టి ఇనుము కదా అని. అబ్బా ఒక ముక్కకు వెల్డింగ్ పెట్టి, చల్లారాక సుత్తితో ఒక్కటి కొట్టారు. అతుకు పక్కనే పెంకులాగా విరిగింది. కమాన్ ఇనుము వంగడానికి తయారైంది, అతకడానికి కాదు. ఆ పట్టీలను యూ బోల్టులతో డీజిల్ టాంకీ కింద బిగించారు. బ్రేక్ పైపుల మీద సగానికి చీల్చిన నీళ్ల పైపు కప్పారు. రేడియేటర్‌కు, లైట్లకు ముందు రెండించుల పైపుతో జాలీ కట్టారు. నేను చద్దర్‌తో మూసేద్దామంటే తిట్టారు. మే నెల ఎండలో గాలి ఆడకపోతే రేడియేటర్ మరుగుతుంది.

అసలు పని ఇంజన్ కింది చద్దర్. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. 6 ఎంఎం చద్దర్ చదరపు మీటరుకు 47 కిలోలు తూగుతుంది, అంటే ఈ ముక్క 52 కిలోల పైనే. ముందు అంచును పైకి వంచారు. "గార్డ్ కా కామ్ రోక్‌నా నై, ఫిస్లానా హై" అనేవారు. మోడు తగిలితే బండి ఆగిపోకూడదు, జారి దాటిపోవాలి. వెనక వైపు బోల్టు తల ఒక్కటి కూడా కిందికి పొడుచుకు రాకుండా చూశారు. చద్దర్‌ను ముందు రెండు చోట్ల, వెనక ఒక్క చోట, మొత్తం మూడు పాయింట్ల మీదే నిలబెట్టారు. ఛాసిస్ మెలిపడినా చద్దర్ దానితో కొట్లాడకుండా నడుమ పాత టైరు ముక్కలు పెట్టారు.

చివరి పని సూరాఖ్‌లు. ఆయిల్ మార్చడానికి ఛాంబర్ బోల్టు కింద ఒక గుండ్రటిది. అది కాక ఎనిమిదించుల పొడవు, రెండించుల వెడల్పుతో మూడు.

"ఇంజన్ ముసలిది," అన్నారు అబ్బా నాతో, "నూనె కారుతనే ఉంటది. మీదికెళ్లి ఎండాకులు పడతయి. పక్కనే సైలెన్సర్ పైపు. కచ్‌రే కూ రాస్తా దేవ్. దారి లేకుంటే ఇది బక్తర్ కాదు, చూల్హా."

నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: గోల్ సూరాఖ్, ఒకటి. లంబే సూరాఖ్, మూడు.

ఆ రోజు 1998 ఏప్రిల్ 24, జుమా. నమాజ్ అయ్యాక ఒక రైతు ట్రాలీ ఇరుసు విరిగిందని అబ్బాను బండెక్కించుకుని పోయాడు. అబ్బా పోతూ పోతూ కటింగ్ నాకు అప్పగించారు. పొద్దున్నే ఫజర్ కాగానే బండి అడవికి బయలుదేరాలి.

గుండ్రటి సూరాఖ్ కోశాను. అప్పటికే మంట చిన్నదైపోయింది. గ్యాస్ అయిపోయింది. కార్బైడ్ డబ్బా విప్పి, పాత సున్నపు బురద కడిగి, కొత్త కార్బైడ్ వేసి, నీళ్లు పోసి మళ్లీ గ్యాస్ పుట్టించాలంటే గంట పని. ఆ సాయంత్రం షార్జాలో ఇండియా, ఆస్ట్రేలియా ఫైనల్. రెండు రోజుల ముందే సచిన్ అక్కడ ఇసుక తుఫాను వచ్చిన మ్యాచ్‌లో 143 కొట్టాడు. ఫైనల్ రోజు అతని సాల్‌గిరా కూడా. మా గల్లీలో కలర్ టీవీ ఒక్క ఇంట్లోనే ఉండేది, ముందుగా వెళ్లకపోతే కిటికీలోంచి చూడాల్సిందే.

నేను, ఇంకో షాగిర్ద్ కలిసి చద్దర్‌ను జాకీతో లేపి బోల్టులు బిగించేశాం. కిందికి దూరితే తప్ప సూరాఖ్‌లు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. తర్వాత ఎప్పుడైనా కోయొచ్చులే అనుకున్నాను. నోట్‌బుక్‌లో టిక్కు పెట్టేశాను.

రాత్రి అబ్బా వచ్చి అడిగారు: "తీనోఁ కాటే?"

"హౌ అబ్బా."

సచిన్ ఆ రాత్రి 134 కొట్టాడు. ఇండియా 6 వికెట్లతో గెలిచింది. అంత ఖుషీ నా జిందగీలో మళ్లీ చాలా ఏళ్లకు గానీ రాలేదు.

పది రోజులు ఏమీ కాలేదు. ట్రిప్పు అయిన ప్రతిసారీ మామూ వంగి చూసి, చద్దర్ మీద మోళ్లు గీరిన చారలు లెక్కపెట్టి "మాషా అల్లా దూలాభాయ్" అనేవారు. ప్రతి మాటా నాకు ముల్లులా గుచ్చుకునేది. చెబుదామనుకునే వాణ్ని. రోజు గడిచిన కొద్దీ చెప్పడం ఇంకా ముష్కిల్ అయ్యేది. బండి ఎట్లాగూ నడుస్తోంది కదా అని దిల్‌కు నచ్చజెప్పుకున్నాను.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, నిండా ఆకు బస్తాలతో ఖానాపూర్ వైపు దిగి వస్తుంటే బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. చద్దర్ మీద పది రోజుల టేకాకు, గడ్డి, దాని మీద కారిన నూనె. సైలెన్సర్ పైపు వేడికి అది రాజుకుంది. మీద బస్తాలలో ఉన్నది ఎండిన తునికాకు. డ్రైవర్ చాచా బండి ఆపి వైర్లు పీకేశాడు. క్లీనర్ పిల్లవాడు, నా ఈడువాడే, తడి గోనెసంచి పట్టుకుని కిందికి దూరాడు. సూరాఖ్‌లు ఉండి ఉంటే ఒక కట్టెతో పొడిస్తే ఆ చెత్తంతా నేల రాలేది. అసలు అంత చెత్త జమయ్యేదే కాదు. లేవు కాబట్టి పక్క సందులోంచి చెయ్యి పెట్టి, కాలుతున్న ఆకును గుప్పిళ్లతో లాగాడు. మసులుతున్న నూనె చేతి మీద కారింది. మోచేతి నుంచి వేళ్ల దాకా.

బండి మిగిలింది, ఆకు మిగిలింది. వాణ్ణి దవాఖానకు తీసుకెళ్లి పట్టీలు కట్టించారు.

ఆ రాత్రి బండిని దుకాణం ముందు నిలబెట్టారు. అబ్బా టార్చి తీసుకుని కిందికి దూరారు. నేను చక్రం పక్కన నిలబడి ఉన్నాను. టార్చి వెలుగు చద్దర్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా జరిగింది. ఒక చోట ఆగింది. అబ్బా బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నారు. నా వైపు ఒక్కసారి చూశారు. మామూతో అన్నారు: "గల్తీ మేరీ హై. మై నై దేఖా."

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు.

మర్నాడు అబ్బా తానే కార్బైడ్ డబ్బా కడిగి, చద్దర్ దించి, మూడు సూరాఖ్‌లూ తన చేతులతో కోశారు. అంచులకు ఆకురాయి పెట్టారు. నన్ను చద్దర్ పట్టుకొమ్మన్నారు, అంతే. ఒక్క మాట అనలేదు. క్లీనర్‌కు మూడు వారాల కూలి అబ్బా జేబులోంచి వెళ్లింది. ఆ నెల అమ్మీ ఉల్లిగడ్డ కూడా లెక్క చూసి వండింది.

ఆ జూన్‌లో నేను డిగ్రీలో చేరాను. ఉర్దూ మీడియం పిల్లవాడు తెలుగు ఎందుకు తీసుకున్నాడని అందరూ తాజ్జుబ్ పడ్డారు. తెలుగు మీద మొహబ్బత్ ఉన్న మాట నిజమే. ఆ దుకాణం నుంచి దూరంగా పోవాలనుకున్నదీ అంతే నిజం. తర్వాత అఖ్బార్ నౌకరీ. కూలిన స్కూలు కప్పుల మీద, కుంగిన కల్వర్టుల మీద ఎన్నో ఖబర్లు రాశాను. ఇంజనీర్ చూడలేదు, కాంట్రాక్టర్ చేయకుండానే చేశానని రాశాడు అని రాస్తుంటే ప్రతిసారీ నా టిక్కు నాకు గుర్తొచ్చేది.

బండి చాలా ఏళ్లు తిరిగి తుక్కు కిందికి పోయింది. చద్దర్ ఒక్కటి అబ్బా ఉంచుకుని మోరీ మీద పరిచారు.

మొన్న ఈద్ నాడు అస్ర్ తర్వాత అబ్బా గేటు దగ్గర కుర్చీ వేసుకుని మనవడికి ఇదంతా చెబుతున్నారు. ఛాసిస్‌కు ఎందుకు మంట పెట్టకూడదో, కమాన్ పట్టీ ఎందుకు అతుక్కోదో. వాడు తన ఫోన్‌లోని బండి బంపర్ చూపించాడు. ముందుకు పొడుచుకొచ్చిన పైపులు. ఇలాంటి బుల్ బార్ల మీద చర్య తీసుకొమ్మని 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసిందనీ, రోడ్డు మీద నడిచేవాళ్లకు వీటితో ఖత్రా అనీ నేను చెప్పాను. అబ్బా తల ఊపారు. "అడవిలో మోడుకు కట్టింది ఊళ్లో మనిషికి తగలొద్దు కదా."

వాడు లోపలికి వెళ్లాక నేను మోరీ గట్టు మీద కూర్చున్నాను. "అబ్బా, ఆ రోజు సూరాఖ్‌లు నేను కోయలేదు. కోశానని ఝూట్ చెప్పాను."

"మాలూం హై," అన్నారు అబ్బా. మోతియా ఆపరేషన్ అయిన కళ్లతో మోరీ వైపే చూస్తూ.

"మరి మామూ ముందు మీ గల్తీ అని ఎందుకన్నారు? నన్ను కాపాడటానికేనా?"

"నిన్నెందుకు కాపాడత? ఉస్తాద్ ఎవరు ఆ దుకాణంలో? బండి గడప దాటే ముందు కింద పండుకుని చెయ్యి పెట్టి చూసుడు నా పని. రోజూ చూసేటోణ్ని. ఆ ఒక్క రోజు నిన్ను అడిగి ఊకున్న." కాసేపాగి, కొంచెం షర్మాయించినట్టు నవ్వారు. "నాకు కూడా సచిన్ బ్యాటింగ్ చూడాల్నని ఉండె."

ఇరవై ఏడేళ్లుగా అబ్బా నా కోసం ఝూట్ చెప్పారనుకున్నాను. ఆయన మాత్రం తన హిసాబ్‌లో సచ్ చెప్పారు. "మై నై దేఖా."

నా గుండె తేలికపడబోతుంటే అబ్బా అడిగారు: "నాకు చెప్పినవ్. ఆ పిలగానికి చెప్పినవా?"

నేను జవాబివ్వలేదు. అబ్బా లోపలికి వెళ్లి పాత నోట్‌బుక్ తెచ్చారు. నా ఉర్దూ అక్షరాలు, నా టిక్కు ఉన్న నోట్‌బుక్కే. వెనక అట్ట మీద ఒక ఫోన్ నంబరు. ప్రతి బక్రీద్‌కు ఆయన అతనికి ఫోన్ చేస్తారట. నాకు తెలియదు.

మర్నాడు ఖానాపూర్ బస్సెక్కాను. అతనికి ఇప్పుడు సొంత ట్రాక్టర్ ఉంది. ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. నేను మొత్తం చెప్పాను, క్రికెట్ సంగతి కూడా దాచకుండా. అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కుని చాలాసేపు ట్రాక్టర్ వైపు చూశాడు.

"కూలి మీ నాయన ఇచ్చిండు. గానీ ఆ యేడు సీజన్ మొత్తం పోయింది నాకు," అన్నాడు. "అప్పుడే చెప్తే కొట్టేటోణ్ని నిన్ను."

"ఇప్పుడు కొట్టు."

"ఇప్పుడేం కొడత. చాయ్ తాగు."

గ్లాసు నా చేతికి అందించాడు. ఎడమ చేత్తో. కుడి చేతి చివరి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.